మా వీధి స్తంభాలు ఎవరివి?

(ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కున్న మన పాఠకుల ప్రశ్నలకు, అక్కడి ఒక కౌంటీ కౌన్సిల్ వీధి దీపాల విభాగంలో 22 ఏళ్లు పనిచేసి రిటైరైన ఇంజనీరు చెబుతున్న జవాబులు.)

ప్రశ్న: నమస్కారమండీ. లండన్‌కి గంట దూరంలో ఉన్న ఒక ఊళ్లో మూడేళ్ల కిందట కొత్త ఎస్టేట్‌లో ఇల్లు కొన్నాం. మా వీధిలో పదకొండు దీపస్తంభాలున్నాయి. మొదట్లో బాగానే వెలిగాయి. పోయిన అక్టోబరు చివర గడియారాలు గంట వెనక్కి తిప్పిన వారం నుంచి వరసగా ఏడు వెలగడం లేదు. మలుపు దగ్గర ఉన్నదేమో పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. నేను ఆసుపత్రిలో నర్సుని. లేట్ షిఫ్ట్ అయ్యాక రాత్రి తొమ్మిదిన్నరకి బస్సు దిగి ఫోన్ టార్చ్ వేసుకుని ఇంటికి నడుస్తున్నాను. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యగారు రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత అంచు తగిలి పడ్డారు. మోకాలు చీరుకుపోయింది. "మా ఊళ్లో పంచాయతీ లైట్లే నయం, ఇదేం ఇంగ్లండే అమ్మా!" అంటున్నారు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కంప్లైంట్ పెడితే, మా రోడ్డు కాదని మర్నాడే మూసేశారు. బిల్డర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే కౌన్సిల్‌ని అడగమంటారు. మేనేజ్‌మెంట్ కంపెనీ వాళ్లు గడ్డి కోయించడం వరకే మా పని అంటారు. వీధి వాట్సాప్ గ్రూపులో అరవై మందిమి ఉన్నాం, రోజూ ఇదే టెన్షన్. అసలు ఎవరిని పట్టుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ మాటలో అబద్ధం లేదు. మా నాన్న కరెంటు బోర్డులో లైన్‌మన్. వీధి లైటు పోతే ఎవరింటి తలుపు తట్టాలో మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇక్కడ ఆ తలుపు ఎక్కడుందో కనుక్కోవడానికే ఒక శీతాకాలం గడిచిపోతుంది.

కొత్త ఎస్టేట్ రోడ్లను "అన్‌అడాప్టెడ్" అంటారు. దత్తత తీసుకోనివి అన్నమాట. కన్నవాడు బిల్డరు, పెంచాల్సింది కౌన్సిల్. మధ్యలో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఎవరింట్లో తిని ఎవరింట్లో పడుకోవాలన్నదే పేచీ. కౌన్సిలూ బిల్డరూ ఇద్దరూ తమ ఇంట్లో కాదంటున్నారు. అందులో ఒకరిది మాత్రం తప్పు.

మీ ఉత్తరంలో నాకు రెండు వేర్వేరు సమస్యలు కనబడుతున్నాయి. రోడ్డు కౌన్సిల్ చేతికి ఎప్పుడు వెళ్తుంది అన్నది ఒకటి. దానికి ఏళ్లు పడుతుంది. ఈ వారం ఏడు దీపాలు ఎందుకు వెలగడం లేదన్నది రెండోది. అది కరెంటు సంగతి, చాలాసార్లు రోజుల్లో తేలిపోతుంది. మీ గ్రూపులో ఈ రెండూ కలిపి ఒకే ఉత్తరంలో రాసి ఉంటారు. అలా రాస్తే చదివినవాళ్లు మొదటిది పట్టుకుని "పరిశీలనలో ఉంది" అని జవాబిచ్చి, రెండోది వదిలేస్తారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ బల్లకి అవతలి వైపు కూర్చున్నవాణ్ణే కాబట్టి చెబుతున్నాను.

ముందు కరెంటు సంగతి చూద్దాం. ఒక్క స్తంభం ఆరిపోతే లోపం సాధారణంగా ఆ స్తంభంలోనే ఉంటుంది: దీపం, దానికి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవరు అనే పరికరం, అడుగున ఉన్న ఫ్యూజు, లేదా వెలుతురుని బట్టి దీపాన్ని వెలిగించి ఆర్పే, పైన బొత్తాంలా కనబడే ఫోటోసెల్. మీ మలుపు దగ్గర పగలు కూడా వెలిగేది దాదాపుగా ఫోటోసెల్ పనే. వరసగా ఏడు ఒక్కసారే పోయాయంటే ఏడు దీపాలూ కూడబలుక్కుని చచ్చిపోవు. వాటికి వచ్చే కరెంటే ఎక్కడో ఆగింది. మీరు చూడాల్సింది ఒకటుంది. మొదటగా ఆరిపోయిన స్తంభం దగ్గర గాని, దానికి ముందు గాని ఎవరైనా ఈ మధ్య తవ్వారా? కంచె గుంజ పాతడానికో, ఇంటి ముందు కారు పార్కింగు వెడల్పు చేయడానికో, ఇంటర్నెట్ కేబుల్ వేయడానికో తవ్వితే గాయమైన కేబుల్ వెంటనే పోదు. తేమ పట్టాక, మొదటి పెద్ద వానలకు పోతుంది. అక్టోబరు చివరంటే నాకు ముందుగా అదే తోస్తోంది. వీధి మొదట్లో పచ్చ రంగో బూడిద రంగో ఇనుప పెట్టె ఒకటి ఉంటే, ఫీడర్ పిల్లర్ అంటారు దాన్ని, దాని ఫోటో కూడా తీసుకోండి. మీ స్తంభాలకి అక్కడి నుంచే కరెంటు వస్తుంటే, పెట్టె దాటాక ఉన్న కేబుల్ సాధారణంగా బిల్డరుదే. పెట్టె లేకపోతే ఒక్కో స్తంభానికీ నెట్‌వర్క్ కంపెనీ కేబులే నేరుగా వచ్చి ఉండొచ్చు.

ఆ నెట్‌వర్క్ కంపెనీ ఎవరన్నది ఇంకో చిక్కుముడి. మీకు బిల్లు పంపే కంపెనీ వేరు, నేలలో కేబుల్ ఉన్న కంపెనీ వేరు. కొత్త ఎస్టేట్లలో చాలాచోట్ల ఆ ప్రాంతపు పెద్ద కంపెనీ కాకుండా స్వతంత్ర నెట్‌వర్క్ ఒకటి కేబుల్ వేసి ఉంటుంది. తెలుసుకోవడానికి మీ ఇంటి కరెంటు బిల్లు చాలు. దాని మీద 13 అంకెల సప్లై నంబరు ఉంటుంది. మొదటి రెండు అంకెలు 10 నుంచి 23 లోపు ఉంటే ప్రాంతపు కంపెనీ, 24 లేదా ఆపైన ఉంటే స్వతంత్ర కంపెనీ. నెలలపాటు తప్పు కంపెనీకి ఫోన్లు చేసి విసిగిపోయిన కుటుంబాల్ని చాలామందిని చూశాను. వాళ్లందరి ఇంట్లోనూ ఆ బిల్లు ఫ్రిజ్ మీదే ఉండేది.

ఇక, డబ్బు కట్టేదెవరు? వీధి దీపాలకి మీటరు ఉండదు. ఎన్ని స్తంభాలు, ఏ దీపం, ఎన్ని వాట్లు, ఏడాదికి ఎన్ని గంటలు అని ఒక జాబితా తయారు చేసి దాని మీద లెక్క కడతారు. అన్‌మీటర్డ్ సప్లై అంటారు. ఆ జాబితా మీద ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. రోడ్డు కౌన్సిల్ చేతికి వెళ్లేదాకా మామూలుగా ఆ సంతకం బిల్డరుది, ఆ బిల్లూ బిల్డరుదే, మరమ్మతూ బిల్డరుదే. నేను చూసిన ఒక ఎస్టేట్‌లో పద్నాలుగు స్తంభాలు కొత్త పెళ్లికొడుకుల్లా రంగు వేసుకుని నిలబడి, ఒక శీతాకాలమంతా చీకట్లోనే ఉన్నాయి. కేబుల్ బాగుంది, దీపాలు బాగున్నాయి. జాబితా మీద సంతకం మాత్రం లేదు. కాగితం కదిలిన రోజు మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు వ్యాన్‌లో వచ్చి, టీ తాగే టైముకల్లా అన్నీ వెలిగించి వెళ్లారు. మీవి మొదట్లో వెలిగాయి కాబట్టి మీకు ఆ రోగం లేదు. అయినా మీ ప్రశ్నల్లో దీన్నీ చేర్చండి.

బిల్డరుకి ఫోన్ చేయడం మానేయండి. ఫోన్‌కి జాడ ఉండదు. కస్టమర్ కేర్‌కి కాకుండా, ఆ ప్రాంతపు టెక్నికల్ విభాగానికి ఒక్క ఈమెయిల్ రాయండి. అరవై మంది అరవై ఉత్తరాలు కాదు, అరవై మంది పేర్లతో ఒకటి. అందులో కోపం వద్దు, లెక్కలు ఉండాలి. ఏ ఇంటి నంబరు ఎదురుగా ఉన్న స్తంభం ఏ తేదీ నుంచి వెలగడం లేదో పట్టిక వేయండి. స్తంభం మీద నంబరు స్టిక్కరు ఉంటే అదీ రాయండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. ఈ స్తంభాల అన్‌మీటర్డ్ సప్లై ఎవరి పేరున ఉంది? నిర్వహణ కాంట్రాక్టు ఎవరికిచ్చారు? మరమ్మతు ఏ తేదీకి చేస్తారు? పద్నాలుగు రోజులు గడువు పెట్టండి.

ఆ ఉత్తరం నకలు కౌన్సిల్‌కి కూడా పంపాలి. కానీ మీరు కంప్లైంట్ పెట్టిన చోటికి కాదు. వీధి దీపాల ఫిర్యాదు పేజీ వెనకున్న కంప్యూటర్‌కి తన స్తంభాలే తెలుసు. మీ స్తంభం దాని జాబితాలో లేదు కాబట్టి మూసేసింది. దానిలో కక్ష ఏమీ లేదు. మీక్కావాల్సింది హైవేస్ విభాగంలో అడాప్షన్లు చూసే బృందం. వాళ్ల దగ్గర మీ ఎస్టేట్ పేరు మీద ఒక ఫైలు ఉంటుంది. "సెక్షన్ 38 ఫైలు చూసే ఇంజనీరుతో మాట్లాడాలి" అని అడగండి. ఆ ఒక్క మాటతో ఫోన్ ఎత్తినవాళ్ల గొంతు మారుతుంది. మీది రెండంచెల కౌన్సిళ్లున్న ప్రాంతమైతే రోడ్లు కౌంటీ చూస్తుంది, ప్లానింగ్ అనుమతులు డిస్ట్రిక్ట్ చూస్తుంది. కొన్ని పల్లెల్లో లైట్లు అక్కడి పంచాయతీ లాంటి పారిష్ కౌన్సిల్‌వి కూడా అవుతాయి. ఆ క్లర్కుకి ఒక ఈమెయిల్ పడేస్తే పోయేదేం లేదు.

ఈ సెక్షన్ 38 ఏమిటో చెబుతాను. 1980 నాటి హైవేస్ చట్టంలో ఉంది. బిల్డరు కౌన్సిల్ చెప్పిన ప్రమాణాలకి రోడ్డూ లైట్లూ కట్టి ఇస్తానని, కౌన్సిల్ చివరికి దాన్ని తీసుకుంటానని ఒప్పందం రాసుకుంటారు. బిల్డరు చేతులెత్తేస్తే ఆ పని పూర్తి చేయించడానికి ఒక బాండు ఉంటుంది. మన హెచ్‌ఎండీఏ లేఅవుట్లలో రోడ్లూ లైట్లూ పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు తనఖా పెట్టించుకుంటారు చూడండి, ఉద్దేశం అదే, ఇక్కడ ప్లాట్ల బదులు బ్యాంకో బీమా సంస్థో పూచీ పడుతుంది. రోడ్డు చాలావరకు అయ్యాక మొదటి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ తర్వాత సాధారణంగా ఏడాది పాటు నిర్వహణ కాలం, అప్పుడు కూడా దీపాలు బిల్డరువే. లోపాలన్నీ సరిచేశాక చివరి సర్టిఫికెట్. ఈలోగా మురుగు పైపుల్ని నీటి కంపెనీ తీసుకోవాలి. దానికి 1991 నాటి చట్టంలో సెక్షన్ 104 ఒప్పందం వేరే ఉంది. కింద పైపులు ఎవరివో తేలకుండా పైన రోడ్డు తీసుకోవడానికి కౌన్సిళ్లు ఇష్టపడవు. చాలా ఎస్టేట్లు ఏళ్ల తరబడి ఆగిపోయేది ఇక్కడే.

అత్తయ్యగారిని పడేసిన మూత కథ కూడా ఇదే. ఇళ్ల పని పూర్తయ్యేదాకా లారీలు తిరుగుతాయని రోడ్డు ఆఖరి పొర వేయరు. మూతలు మాత్రం ఆఖరి మట్టానికే బిగించి ఉంచుతారు. అందుకే అంగుళమో రెండంగుళాలో పైకి లేచి ఉంటాయి. ఆఖరి పొర ఇప్పుడే వేయమంటే వేయరు. మూత చుట్టూ తారుతో వాలు పెట్టమని అడగండి. అది అరపూట పని, కాదనడానికి కారణం దొరకదు. స్కేలు పెట్టి ఎత్తు కనబడేలా ఫోటో తీసి, ఆవిడ మోకాలికి డాక్టరు రాసిచ్చిన కాగితంతో కలిపి దాచుకోండి. పబ్లిక్ రోడ్డైతే దాన్ని బాగా ఉంచాల్సిన బాధ్యత హైవేస్ చట్టం సెక్షన్ 41 కింద కౌన్సిల్‌ది. మీ రోడ్డుకి అది వర్తించదు. పరిహారం అడగాలనుకుంటే రోడ్డు సొంతదారుని అడగాలి, దానికి వకీలు కావాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "కౌన్సిల్ రోడ్లకి దీపాలు పెట్టి తీరాలి" అని మీ గ్రూపులో ఎవరో ఒకరు వాదిస్తూనే ఉంటారు. అలాంటి చట్టం లేదు. అదే చట్టంలో సెక్షన్ 97 దీపాలు పెట్టే అధికారం ఇస్తుంది, పెట్టి తీరాలనదు. కొన్ని కౌన్సిళ్లు అర్ధరాత్రి దాటాక తమ సొంత దీపాలనే ఆర్పేస్తున్నాయి. ఆ వాదన మీద టైము పెట్టకండి. మీ బలం వేరేచోట ఉంది: ప్లానింగ్ అనుమతిలోని షరతులు, సెక్షన్ 38 ఒప్పందం, మీ ఇంటి బదిలీ పత్రం టీపీ1. ఆ టీపీ1ని బీరువాలోంచి తీసి చదవండి. రోడ్డు కౌన్సిల్ చేతికి వెళ్లేదాకా తనే బాగు చేయిస్తానని బిల్డరు మీకు రాసిచ్చిన వాక్యం చాలావాటిలో ఉంటుంది. మీ ఉత్తరంలో ఆ వాక్యాన్ని యథాతథంగా ఎక్కించండి.

ఒకవేళ అసలు సెక్షన్ 38 ఒప్పందమే లేదని తేలితే కథ మారుతుంది. అప్పుడు ఆ రోడ్డు ఎప్పటికీ ప్రైవేటుగానే ఉండేలా కట్టారని అర్థం. మీరు ఏటా కట్టే ఎస్టేట్ చార్జీలో దీపాలూ ఉండే అవకాశం ఎక్కువ. గడ్డి వరకే అన్న కంపెనీని ఖర్చుల పట్టిక, ఒప్పందం నకలు అడగండి. మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందా అని చూసే ప్రభుత్వ సంస్థ సీఎంఏ 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2021-22లో పదకొండు పెద్ద బిల్డర్లు అమ్మిన కొత్త ఇళ్లలో 80 శాతానికి ఇలాంటి చార్జీలున్నాయి. సగటున ఏడాదికి 350 పౌండ్లు. కౌన్సిల్ పన్ను నిండుగా కడుతూ మళ్లీ వీధి దీపానికి విడిగా కట్టడం నా మనసుకి ఎప్పుడూ న్యాయమనిపించలేదు, కానీ సంతకం పెట్టేశాక న్యాయం సంగతి వేరు, కాగితం సంగతి వేరు.

ఒప్పందం ఉందో లేదో ఎలా తెలుస్తుందంటే, మీరు ఇల్లు కొన్నప్పటి వకీలు ఫైలులో కాన్29 అనే సెర్చ్, అంటే వకీలు ప్రశ్నలకి కౌన్సిల్ ఇచ్చిన జవాబుల కాగితం, ఉంటుంది. రోడ్డు పబ్లిక్‌దా, అడాప్ట్ కావాల్సి ఉందా, బాండు ఉందా అని అందులో సూటిగా ప్రశ్నలున్నాయి. అది దొరక్కపోతే సమాచార స్వేచ్ఛ చట్టం కింద కౌన్సిల్‌ని ఒప్పందం నకలు, బాండు మొత్తం, సర్టిఫికెట్ల తేదీలు అడగండి. మన ఆర్టీఐ లాంటిదే. 20 పనిరోజుల్లో జవాబివ్వాలి. నేల ఎవరి పేరున ఉందో ల్యాండ్ రిజిస్ట్రీలో 7 పౌండ్లకి చూసుకోవచ్చు. గవర్నమెంట్ సైట్‌లోనే చూడండి, దానిలా కనబడే దళారీ సైట్లు ఇంతకింత గుంజుతాయి.

పద్నాలుగు రోజుల్లో బిల్డరు కదలకపోతే మీ కౌన్సిలర్లని పట్టుకోండి, కౌంటీ మనిషినీ డిస్ట్రిక్ట్ మనిషినీ ఇద్దర్నీ. చీకటి పడ్డాక రమ్మని పిలవండి. డిసెంబరులో నాలుగింటికే పొద్దు గూకుతుంది కాబట్టి వాళ్లకి రాత్రి భోజనం చెడదు. మీ వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా వాళ్లని నడిపించండి. ఫోన్ టార్చ్ మాత్రం వేయనివ్వకండి.

ప్రశ్న: మేము వచ్చే నెల కొత్త ఎస్టేట్‌లో ఇల్లు కొంటున్నాం. "రోడ్డు అడాప్ట్ అవుతుంది, కంగారు పడకండి" అంటున్నారు సేల్స్ ఆఫీసులో. నమ్మొచ్చా?

జవాబు: "అవుతుంది" అన్న క్రియకి తేదీ లేదు బాబూ. సెక్షన్ 38 మీద సంతకాలు అయ్యాయా, బాండు ఎంతకి, ఎవరు పూచీ అన్నవి మీ వకీలుతో రాతలో అడిగించండి. "చర్చల్లో ఉంది" అని వస్తే ఒప్పందం లేనట్టే లెక్క. అప్పుడు అడాప్షన్ అయ్యేదాకా కొంత డబ్బు ఆపి ఉంచే ఏర్పాటు కుదురుతుందేమో వకీలునే అడగండి. పెద్ద బిల్డర్లు సాధారణంగా ఒప్పుకోరు, అడగడంలో నష్టం లేదు. ఇంకొకటి. ఎవరో ఒకరు హైవేస్ చట్టం సెక్షన్ 205 కింద కౌన్సిల్‌నే రోడ్డు బాగు చేయమందామంటారు. ఆ దారిలో ఖర్చు రోడ్డుకి ఆనుకుని ఉన్న ఇళ్ల మీద పడొచ్చు. బిల్డరు ముందే డబ్బు డిపాజిట్ చేశాడో లేదో తెలియకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

ప్రశ్న: మా పక్కింటాయన ఎలక్ట్రీషియన్. స్తంభం అడుగున చిన్న తలుపు తీసి ఫ్యూజు చూస్తే ఐదు నిమిషాల పని అంటున్నారు. చేయించమంటారా?

జవాబు: వద్దు. ఆయన మంచి పనివాడే కావచ్చు. ఆ తలుపు వెనక ముందుగా ఉండేది చాలాచోట్ల నెట్‌వర్క్ కంపెనీ కటౌటు, అంటే వీధి కేబుల్ వచ్చి చేరే ఫ్యూజు పెట్టె. మీ ఇంట్లోలా అక్కడ కట్టేయడానికి మెయిన్ స్విచ్ ఉండదు, దాని వెనక వీధి కేబుల్ నేరుగా ఉంటుంది. దాన్ని ముట్టుకునే అధికారం వాళ్ల మనుషులకీ, వాళ్లు ఒప్పుకున్న కాంట్రాక్టర్లకీ మాత్రమే ఉంది. స్తంభం మీ ఆస్తి కూడా కాదు. ఏదైనా అయితే బీమా కంపెనీ మొదట అడిగే ప్రశ్న, తలుపు ఎవరు తీశారు అనే.

తలుపు ఊడిపోయి వైర్లు బయటికి కనబడుతుంటే మాత్రం ఎవరి స్తంభమన్న చర్చ పక్కన పెట్టండి. పిల్లల్ని దూరంగా ఉంచి 105కి ఫోన్ చేయండి. ఉచితం, మీ ప్రాంతపు నెట్‌వర్క్ కంపెనీకి కలుపుతుంది. అక్కడ కేబుల్ స్వతంత్ర కంపెనీదైతే ఎవరికి చేయాలో వాళ్లనే అడగండి. అర్ధరాత్రైనా సరే, తెల్లారేదాకా ఆగకండి.